ట్రాక్ మీదికి వెళ్లే కారుకు ఏ బ్రేక్ ఫ్లూయిడ్ పోయించాలి, దాన్ని ఎలా దాచుకోవాలి?

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఉంటాను. రోజూ ఆఫీసుకు వాడుకునే టర్బో పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ కారునే అప్పుడప్పుడూ చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు తీసుకువెళ్లి ట్రాక్ డేలలో (సొంత కార్లను రేస్ ట్రాక్ మీద నడపనిచ్చే రోజుల్లో) నడుపుతుంటాను. పోయినసారి నాలుగైదు ల్యాపులు బాగానే సాగాక, ఒక మలుపు ముందు బ్రేక్ పెడల్ మెత్తబడి దాదాపు అడుగు దాకా దిగిపోయింది. రెండు మూడుసార్లు గబగబా తొక్కితే గానీ కారు అదుపులోకి రాలేదు. ఇంటికి తిరిగి వచ్చాక పెడల్ మామూలుగానే ఉంది. కారులో ఉన్నది సర్వీస్ సెంటర్‌లో పోసిన సాధారణ డాట్ 4 (బ్రేక్ ఫ్లూయిడ్ల అమెరికా ప్రమాణంలో ఒక శ్రేణి) ఆయిల్. పోసి రెండేళ్లు దాటింది. ఒక మిత్రుడు డాట్ 5 పోయించమంటున్నాడు. మరొకరు క్యాస్ట్రాల్ ఎస్ఆర్ఎఫ్ అనే ఖరీదైన రేసింగ్ ఫ్లూయిడ్ తప్ప ఇంకేదీ వద్దంటున్నారు. మూడో మిత్రుడు తన కారుకు వాడుకోగా సగం మిగిలిన రేసింగ్ బ్రేక్ ఆయిల్ సీసా ఇచ్చాడు. అది పోయిన ఏడాది నుంచి మూత బిగించి మా అలమరలో ఉంది. ఏది కొనాలి? ఆ సగం సీసా వాడుకోవచ్చా? కొన్న సీసాలను ఎలా దాచుకోవాలి?

జవాబు: ముందుగా ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ ఫ్లూయిడ్‌ను పూర్తిగా మార్పించేవరకు ఆ కారును మళ్లీ ట్రాక్ మీదికి తీసుకువెళ్లకండి. ఇంటికి వచ్చాక పెడల్ మామూలుగా ఉందన్న ధైర్యం చాలదు. చల్లారాక ఆవిరి తిరిగి ద్రవంగా మారుతుంది కాబట్టి పెడల్ గట్టిపడినట్టే అనిపిస్తుంది గానీ, గాలి నుంచి ఫ్లూయిడ్‌లో చేరిన నీరు ఎక్కడికీ పోలేదు. మళ్లీ అంత వేడి తగిలితే అది మళ్లీ మరుగుతుంది. పెడల్ దిగిపోవడానికి ఎక్కడో లీకు ఉండడం, మాస్టర్ సిలిండర్‌లో (పెడల్ ఒత్తిడిని ఫ్లూయిడ్‌కు అందించే భాగంలో) సీలు అరిగిపోవడం వంటి కారణాలు కూడా ఉండవచ్చు కాబట్టి, ఫ్లూయిడ్ మార్చే రోజునే నాలుగు చక్రాల దగ్గరా, మాస్టర్ సిలిండర్ చుట్టూ, రబ్బరు హోస్‌ల పొడవునా తడి జాడలున్నాయేమో చూపించండి. అయితే కొన్ని ల్యాపుల తర్వాతే పెడల్ మెత్తబడడం, పదేపదే తొక్కితే కొంత తిరిగి రావడం, చల్లారాక సర్దుకోవడం, ఈ మూడూ కలిసి కనిపించినప్పుడు ఫ్లూయిడ్ మరిగిందన్న అనుమానమే బలంగా కలుగుతుంది.

మీ ప్రశ్నలకు క్లుప్తంగా సమాధానం ఇది. పొడిగా ఉన్నప్పుడు, అంటే తేమ చేరకముందు, 300 డిగ్రీల సెల్సియస్ దాటాక మరిగే, పేరున్న కంపెనీ రేసింగ్ డాట్ 4 ఫ్లూయిడ్‌ను సీలు తీయని సీసాలలో కొని, ట్రాక్ డేకు కొద్ది రోజుల ముందు పాతది మొత్తం తీయించి పోయించండి. డాట్ 5 జోలికి అసలు వెళ్లకండి. ఎస్ఆర్ఎఫ్ చాలా మంచి ఫ్లూయిడే గానీ మీకు అది తప్పనిసరి కాదు. అలమరలోని సగం సీసాను మాత్రం బ్రేకుల్లో పోయకండి. ఎందుకో వివరంగా చెబుతాను, ఎందుకంటే కారణం తెలిసినవారు సీసా కొనేటప్పుడే కాదు, దాన్ని దాచేటప్పుడూ, ట్రాక్ మీద కారును ఆపేటప్పుడూ సరైన పని చేస్తారు.

మీరూ కారూ కలిపి 1,200 కిలోలు అనుకుందాం. గంటకు 160 కిలోమీటర్ల వేగం నుంచి 60 కిలోమీటర్లకు తగ్గే ఒక్క బ్రేకింగ్‌లో ఆ కారు వదులుకోవలసిన గతిశక్తి సుమారు 10 లక్షల జౌల్స్. 30 డిగ్రీల దగ్గరున్న మూడున్నర లీటర్ల నీటిని మరిగే దశకు తేవడానికి అది సరిపోతుంది. గట్టిగా తొక్కితే ఇదంతా నాలుగు సెకన్లలోపే జరిగిపోతుంది. గాలి నిరోధమూ ఇంజిన్ బ్రేకింగూ అందులో కొంత పంచుకున్నా, ఎక్కువ భాగాన్ని డిస్కులూ ప్యాడ్లే భరించాలి. బరువు ముందుకు వాలుతుంది కాబట్టి ముందు చక్రాలదే పెద్ద వాటా. డిస్కు నుంచి ప్యాడ్‌లోకి, ప్యాడ్ వెనుక రేకు నుంచి కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) పిస్టన్‌లోకి, అక్కడి నుంచి పిస్టన్ వెనుక నిలిచి ఉన్న ఫ్లూయిడ్‌లోకి ఆ వేడి పాకుతుంది. ఇంజిన్ ఆయిల్‌లాగా, కూలెంట్‌లాగా బ్రేక్ ఫ్లూయిడ్ తిరుగుతూ ఉండదు. కాలిపర్‌లో ఉన్నది కాలిపర్‌లోనే ఉంటుంది. ల్యాపు తర్వాత ల్యాపు వేడెక్కేది ఆ కొద్ది మిల్లీలీటర్లే. పైన రిజర్వాయర్‌లో (బానెట్ కింద ఫ్లూయిడ్ ఉండే డబ్బాలో) కనిపించే ఫ్లూయిడ్ బంగారు రంగులో మెరుస్తూ ఉండగా కింద కాలిపర్‌లోది నల్లబడి ఉండడం అందుకే మామూలు విషయం.

ఏ ట్రాక్ మీద నడుపుతున్నారన్నది కూడా చూసుకోవాలి. ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ నిడివి సుమారు 3.7 కిలోమీటర్లు, మలుపులు 12. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్ నిడివి 5.125 కిలోమీటర్లు, అక్కడ కిలోమీటరుకు పైబడిన స్ట్రెయిట్ (నేరుగా సాగే భాగం) చివర చాలా ఎక్కువ వేగం నుంచి బ్రేకు వేయాలి గానీ, ఆ స్ట్రెయిట్ మీద గాలికి డిస్కులు చల్లారే వ్యవధి కూడా దొరుకుతుంది. కోయంబత్తూరులోని కరి స్పీడ్‌వే 2.1 కిలోమీటర్లే, వేగాలు తక్కువే అయినా ఒక బ్రేకింగుకూ మరో బ్రేకింగుకూ మధ్య విరామం తక్కువ. అందువల్ల ఒక ట్రాక్ మీద ఇబ్బంది పెట్టని ఫ్లూయిడ్ మరోచోట కూడా ఇబ్బంది పెట్టదని అనుకోకూడదు. చెన్నై ఎండలో మధ్యాహ్నం సెషన్‌కూ ఉదయం మొదటి సెషన్‌కూ మధ్య తేడా కూడా చిన్నదేమీ కాదు.

ఇక పెడల్ మెత్తబడడం గురించి. ద్రవాన్ని నొక్కితే దాదాపు ఏమాత్రం కుదించుకుపోదు; అందుకే మీ కాలి ఒత్తిడి అలాగే ప్యాడ్ దాకా చేరుతుంది. ఆవిరి బుడగ అలా కాదు, నొక్కితే కుదించుకుపోతుంది. కాలిపర్‌లో కొద్దిగా ఆవిరి పుట్టినా పెడల్ ప్రయాణమంతా ఆ బుడగను నొక్కడానికే ఖర్చయి, ప్యాడ్ డిస్కును గట్టిగా పట్టుకోదు. ఇందులో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. బ్రేకు తొక్కి ఉంచినంతసేపూ పైపుల్లో పదుల బార్ల ఒత్తిడి ఉంటుంది కాబట్టి ఫ్లూయిడ్ మరిగే ఉష్ణోగ్రత పైకి జరుగుతుంది. కాలు తీయగానే ఒత్తిడి పడిపోయి, అప్పటికే బాగా వేడెక్కిన ఫ్లూయిడ్ ఆ క్షణంలో ఆవిరవుతుంది. అంటే ఒక మలుపు దగ్గర బ్రేకులు చక్కగా పట్టినట్టే ఉండి, తర్వాతి మలుపు దగ్గర పెడల్ ఒక్కసారిగా దిగిపోవచ్చు. ముందస్తు హెచ్చరిక లేకుండా జరిగినట్టు మీకు అనిపించడానికి ఇదే కారణం అయి ఉంటుంది. ప్యాడ్లు వేడికి పట్టు కోల్పోతే లక్షణం వేరుగా ఉంటుంది. అప్పుడు పెడల్ గట్టిగానే ఉంటుంది, ఎంత బలంగా తొక్కినా కారు మాత్రం ఆగదు. ఆ తేడాను గుర్తుంచుకోండి, ఎందుకంటే రెండింటికీ చికిత్స వేరు. ప్యాడ్ల జబ్బుకు ఎంత ఖరీదైన ఫ్లూయిడ్ పోసినా ఫలితం ఉండదు.

ఫ్లూయిడ్ నాణ్యతను చెప్పే అంకెలు సీసా మీద రెండు ఉంటాయి. డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 ఫ్లూయిడ్లన్నీ గ్లైకాల్ ఈథర్ జాతివి. గాలిలోని తేమను అవి తమంతట తామే పీల్చుకుంటాయి. అందుకని అప్పుడే సీలు తీసిన ఫ్లూయిడ్ మరిగే ఉష్ణోగ్రతను పొడి అంకెగానూ, బరువులో 3.7 శాతం నీరు చేరిన ఫ్లూయిడ్ మరిగే ఉష్ణోగ్రతను తడి అంకెగానూ ఇస్తారు. డాట్ 3కి కనీసం 205, 140 డిగ్రీలు, డాట్ 4కి 230, 155, డాట్ 5.1కి 260, 180 ఉండాలని అమెరికా ప్రమాణం చెబుతుంది. 3.7 శాతం అంటే లీటరు ఫ్లూయిడ్‌లో 40 మిల్లీలీటర్లకు కాస్త తక్కువ నీరు. ఆ కొద్దిపాటి నీటికే మామూలు డాట్ 4 ఫ్లూయిడ్ 75 డిగ్రీలు కోల్పోతుంది. నీరు సీసా మూతలోంచే కాదు, రిజర్వాయర్ మూతకున్న గాలి రంధ్రం గుండా, రబ్బరు హోస్‌ల గోడల గుండా కూడా నెమ్మదిగా చేరుతూనే ఉంటుంది. చాలా కార్ల కంపెనీలు రెండేళ్లకొకసారి ఫ్లూయిడ్ మార్చమని పుస్తకంలో రాసేది ఇందుకే. ఆ గడువు నగరంలో ఆఫీసుకు వెళ్లివచ్చే కారుకు పెట్టినది. మీ ఫ్లూయిడ్ ఆ గడువు కూడా దాటింది కాబట్టి అది పొడి అంకెకు దూరంగా, తడి అంకెకు దగ్గరగా వచ్చి ఉంటుందని భావించడమే క్షేమం.

డాట్ 4 అన్న ముద్ర కనీస హద్దును మాత్రమే చెబుతుంది, పై హద్దును చెప్పదు. అందుకే 230 డిగ్రీలకు మరిగేదీ, 330 డిగ్రీలకు మరిగేదీ ఒకే ముద్రతో ఒకే అరలో ఉండవచ్చు. మన దగ్గర దొరికేవాటిలో మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 పొడి అంకె 312, తడి అంకె 205. దాని పై మెట్టు ఆర్‌బీఎఫ్ 660కి పొడి అంకె 325కు పెరుగుతుంది గానీ తడి అంకె 205 దగ్గరే ఉంటుంది. ఏటీఈ టైప్ 200కి 280, 198. క్యాస్ట్రాల్ ఎస్ఆర్ఎఫ్‌కు 320, 270. ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే ఎంపిక ఎలా చేయాలో దానంతటదే తేలుతుంది. ఆర్‌బీఎఫ్ 600 తడిసేసరికి 107 డిగ్రీలు పడిపోతుంది, ఎస్ఆర్ఎఫ్ 50 డిగ్రీలే పడిపోతుంది. ఎస్ఆర్ఎఫ్ రసాయనం వేరు. సిలికాన్ ఎస్టర్ల ఆధారంగా చేసినది కాబట్టి చేరిన తేమ దాన్ని అంతగా దెబ్బతీయదు. పొడిగా ఉన్నప్పుడు మాత్రం దానికీ ఆర్‌బీఎఫ్ 600కూ తేడా ఎనిమిది డిగ్రీలే.

కాబట్టి ప్రశ్న ఏ సీసా గొప్పదన్నది కాదు, మీరు ఎంత తరచుగా మార్పిస్తారన్నది. ప్రతి ట్రాక్ డేకు ముందు తాజా ఫ్లూయిడ్ పోయించుకునేవారికి పొడి అంకె ముఖ్యం. వారికి ఆర్‌బీఎఫ్ 600 వంటిది నిండుగా సరిపోతుంది, ఎస్ఆర్ఎఫ్ ధరలో దాన్ని ఎన్నోసార్లు మార్పించుకోవచ్చు. ఏడాది పొడవునా అదే ఫ్లూయిడ్‌తో నెట్టుకొచ్చేవారికీ, మధ్యలో వర్షాకాలమంతా రోడ్డు మీద తిప్పి ఒక్కరోజు ట్రాక్‌కు వెళ్లేవారికీ తడి అంకె ముఖ్యం. వారికి ఎస్ఆర్ఎఫ్ ఖరీదుకు అర్థముంది. మీ మిత్రుడి సలహా ఆయన అలవాటుకు సరైనదే కావచ్చు. ఏడాదికి రెండు మూడుసార్లు వెళ్లే మీకు నా సలహా మాత్రం మధ్యస్థమైన ధర గల రేసింగ్ ఫ్లూయిడ్‌ను ఎంచుకుని, మిగిలిన డబ్బును మంచి ప్యాడ్ల మీదా, తరచుగా బ్లీడ్ చేయించడం (కాలిపర్ల దగ్గర పాత ఫ్లూయిడ్‌నూ గాలినీ బయటికి తీయించడం) మీదా పెట్టమనే. తాజా ఆర్‌బీఎఫ్ 600, రెండేళ్ల నాటి ఏ ఫ్లూయిడ్ కన్నా నమ్మదగినది.

డాట్ 5 సంగతి. సంఖ్య పెద్దది కాబట్టి డాట్ 4 కన్నా మెరుగైనదని అనుకోవడం సహజమే గానీ, అది వేరే జాతి. అది సిలికాన్ ఫ్లూయిడ్. నీటిని తనలో కలుపుకోదు. వినడానికి ఇది మంచి గుణంలాగే ఉంటుంది. కానీ పైపుల్లోకి ఎలాగో చేరిన నీరు అందులో కలవక, బొట్లుబొట్లుగా విడిగా ఉండి, అన్నిటికన్నా కిందనుండే కాలిపర్‌లోకి చేరుతుంది. అక్కడ ఆ నీరు 100 డిగ్రీలు దాటగానే ఆవిరవుతుంది, చల్లగా ఉన్నప్పుడు లోహాన్ని తుప్పు పట్టిస్తుంది. పైగా సిలికాన్ ఫ్లూయిడ్ వేడెక్కినప్పుడు నొక్కితే కొద్దిగా కుదించుకుపోయే గుణం కలది, గాలి బుడగలను సులభంగా వదలదు. అందుకే ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) ఉన్న కార్లకు అది పనికిరాదు. మీ కారులో ఇప్పుడున్న గ్లైకాల్ ఫ్లూయిడ్‌తో అది కలవదు కూడా. డాట్ 5.1 మాత్రం పేరు దగ్గరగా ఉన్నా డాట్ 4 బంధువే, దానితో కలుస్తుంది. రోడ్డు కారుకు చక్కని ఫ్లూయిడ్, ట్రాక్‌కు మాత్రం పైన చెప్పిన రేసింగ్ డాట్ 4 ఫ్లూయిడ్లే మేలు.

గ్లైకాల్ ఫ్లూయిడ్లు ఒకదానితో ఒకటి కలిసినా ప్రమాదం లేదన్నది నిజమే. అంతమాత్రాన కలపడం వల్ల నష్టం లేదని కాదు. పాత ఫ్లూయిడ్ మీద రిజర్వాయర్‌లో కొత్తది పోసి ఊరుకుంటే కాలిపర్‌లో ఉన్నది పాతదే. మొత్తం మార్చినప్పుడే మీరు డబ్బు పెట్టిన ఆ అంకె మీకు దక్కుతుంది. ఒక్క జాగ్రత్త: ఏబీఎస్, ఈఎస్‌పీ (కారు జారకుండా చూసే వ్యవస్థ) ఉన్న కొన్ని కార్లకు కంపెనీ తక్కువ చిక్కదనం గల డాట్ 4 ఫ్లూయిడ్‌నే వాడమని చెబుతుంది, ఎందుకంటే వాటి పంపు చిన్న రంధ్రాల గుండా ఫ్లూయిడ్‌ను వేగంగా నెట్టాలి. రేసింగ్ ఫ్లూయిడ్లలో కొన్ని చలిలో చిక్కగా ఉంటాయి. ఈ చిక్కదనాన్ని కొలిచేది మైనస్ 40 డిగ్రీల దగ్గర కాబట్టి హైదరాబాద్, చెన్నై ఉష్ణోగ్రతల్లో ఈ తేడా పెద్దగా బాధించదని నా అభిప్రాయం. అయినా కారు పుస్తకంలో ఏముందో ఒకసారి చూసి, వారంటీలో ఉన్న కారైతే సర్వీస్ సెంటర్‌తో మాట్లాడాకే నిర్ణయించుకోండి.

ఇప్పుడు దాచడం గురించి. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే కాబట్టి దీన్ని తీరికగా చెబుతాను. మూత తీసిన సీసా వానాకాలంలో తెరిచి ఉంచిన ఉప్పు డబ్బాలాంటిది. చెమ్మ లోపలికి వెళ్లడం కంటికి కనబడదు, వెళ్లాక మూత ఎంత బిగించినా బయటికి రాదు. ఉప్పు గడ్డకట్టి మనకు చెబుతుంది, ఫ్లూయిడ్ చెప్పదు. రంగు మారదు, వాసన మారదు. సగం ఖాళీ అయిన సీసాలో పైన ఉన్నదంతా గాలే. పగటి వేడికి ఆ గాలి వ్యాకోచించి, రాత్రి చల్లదనానికి ముడుచుకుంటూ, మూత అంచుల గుండా బయటి తేమగాలిని కొద్దికొద్దిగా లోపలికి లాక్కుంటూ ఉంటుంది. మీ అలమరలో ఏడాదిగా జరిగింది ఇదే. పైగా అది వేరొకరు తెరిచిన సీసా. ఎంతసేపు మూత తీసి ఉంచారో, ఏ గరాటు వాడారో, తీసిన పాత ఫ్లూయిడ్ ఏమైనా తిరిగి అందులో పోశారో మీకు తెలియదు. దాని మీద ముద్రించిన పొడి అంకెకూ, ఇప్పుడు లోపలున్న ద్రవానికీ సంబంధం ఉందని నమ్మడానికి ఆధారం లేదు.

అందుకని మొదటి సూత్రం, చిన్న సీసాలు కొనడం. మొత్తం ఫ్లూయిడ్ మార్చడానికి చాలా కార్లకు ఒక లీటరు దగ్గరదగ్గరగా పడుతుంది. ఒక లీటరు డబ్బాకు బదులు అర లీటరు సీసాలు రెండు కొంటే, రెండోది నిజంగా అవసరమైతేనే సీలు తీస్తారు. ట్రాక్ డే నాడు కాలిపర్లు బ్లీడ్ చేయడానికి మరో సీసా సీలు తీయకుండా వెంట ఉంచుకోండి. రెండో సూత్రం, తారీఖు. కొనేటప్పుడు సీసా మీద తయారీ తేదీ, బ్యాచ్ సంఖ్య చూడండి. మూత కింది రేకు సీలు చెక్కుచెదరకుండా ఉందో లేదో పోసే ముందు చూడండి. పేరున్న రేసింగ్ ఫ్లూయిడ్లకు నకిలీలు పుట్టడానికి వాటి ధరే చాలు కాబట్టి, అధీకృత డీలరు దగ్గర బిల్లుతో కొనండి. అసాధారణంగా తక్కువ ధరకు ఎవరైనా ఇస్తామంటే బ్రేకుల విషయంలో ఆ ఆదా అక్కర్లేదు. ప్లాస్టిక్ గోడల గుండా కూడా ఏళ్ల తరబడి ఉంచితే కొంత తేమ చేరగలదు కనుక, సీలు తీయకపోయినా ప్లాస్టిక్ సీసాలను లేబుల్ మీది గడువు దాటి ఉంచకూడదు. లోహపు డబ్బాలు ఈ విషయంలో మెరుగు.

ఎక్కడ పెట్టాలంటే, పగలు రాత్రి ఉష్ణోగ్రత పెద్దగా మారని, ఎండ తగలని, పొడిగా ఉండే గదిలో, నిటారుగా. బాల్కనీ, బాత్‌రూమ్ పక్క గూడు, వంటగది, ఇవేవీ తగవు. కారు డిక్కీ అన్నిటికన్నా చెడ్డ చోటు. ఎండలో నిలిపిన కారులో రోజుకొకసారి కాగి చల్లారుతూ ఉంటే సీసాకు ఊపిరి పీల్చే పనే సరిపోతుంది. ఫ్రిజ్‌లో పెడితే తాజాగా ఉంటుందని కొందరు అనుకుంటారు గానీ, చల్లని సీసాను బయటికి తీసి మూత తెరిస్తే గాలిలోని తేమ దాని మీద, దాని లోపల నీటి బిందువులుగా కుదురుతుంది. అంటే ఏ నీటికి భయపడ్డామో దాన్నే చేతులారా పిలిచినట్టవుతుంది. విశాఖ, కాకినాడ, చెన్నై వంటి సముద్ర తీర నగరాల్లో ఉండేవారు, వర్షాకాలంలో ఎక్కడ ఉండేవారైనా, ఈ జాగ్రత్తలను మరికాస్త గట్టిగా పాటించాలి. వాన కురుస్తుండగా ఆరుబయట రిజర్వాయర్ మూత తీసి పెట్టి పని చేయనివ్వకండి.

సీలు తీసిన సీసాను ఎంతకాలం వాడవచ్చని తప్పకుండా అడుగుతారు. నా నియమం కఠినంగానే ఉంటుంది. మూత మీద తీసిన తేదీ రాసి, వాడగానే గట్టిగా బిగించి, అదే ట్రాక్ వారాంతంలో మళ్లీ బ్లీడ్ చేయడానికి మాత్రమే దాన్ని వాడండి. ఆ తర్వాత మిగిలినది ట్రాక్‌కు పనికిరాదు. ప్లాస్టిక్ సీసాను నొక్కి గాలి తీసేసి మూత పెడితే తేమ చేరడం కొంత తగ్గుతుందేమో గానీ అది సీలు తీయని సీసాతో సమానం కాదు. నీటి శాతం చూపే పెన్నులాంటి పరికరాలు మార్కెట్‌లో దొరుకుతున్నాయి. అవి ఫ్లూయిడ్ విద్యుద్వాహకతను కొలిచి నీటిని అంచనా వేస్తాయి. ఒక్కో కంపెనీ కలిపే రసాయనాలు వేరు కావడం వల్ల ఆ అంచనా ఒక ఫ్లూయిడ్‌కు సరిపోయి మరోదానికి తప్పవచ్చు. నమూనాను నిజంగా వేడిచేసి మరిగే ఉష్ణోగ్రతను చూపే పరికరాన్ని నమ్మవచ్చు. మంచి వర్క్‌షాపుల్లో అది ఉంటుంది. పెన్ను మీద ఆకుపచ్చ దీపం వెలిగిందని రెండేళ్ల ఫ్లూయిడ్‌తో ట్రాక్ మీదికి వెళ్లడం మాత్రం మంచిది కాదు.

ఇంట్లో పిల్లలుంటే మరో మాట. బ్రేక్ ఫ్లూయిడ్ విషం. దాన్ని ఎప్పుడూ దాని సొంత సీసాలోంచి మంచినీళ్ల సీసాలోకో, కూల్‌డ్రింక్ సీసాలోకో మార్చకండి. తీసిన పాత ఫ్లూయిడ్ విషయంలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే వర్క్‌షాపుల్లో దాన్ని పట్టడానికి వాడేది చాలాసార్లు నీళ్ల సీసానే. ఇంజిన్ ఆయిల్, పవర్ స్టీరింగ్ ఆయిల్ సీసాల పక్కన దీన్ని పెట్టకపోవడమూ మంచిదే. బ్రేకుల్లోని సీళ్లు ఈపీడీఎం రబ్బరుతో చేసినవి; గ్లైకాల్ ఫ్లూయిడ్‌కు అవి తట్టుకుంటాయి గానీ, పెట్రోలియం నూనె కొద్దిగా తగిలినా ఉబ్బి పాడైపోతాయి. ఇంజిన్ ఆయిల్ పోసిన గరాటుతోనే బ్రేక్ ఫ్లూయిడ్ పోస్తే, ఆ మిగిలిన జిడ్డు మొత్తం వ్యవస్థలోని సీళ్లను మార్చాల్సిన స్థితికి తేవచ్చు. ఫ్లూయిడ్ కారు పెయింటు మీద ఒలికితే తుడవడం కన్నా ముందు నీళ్లతో ధారాళంగా కడిగేయండి. కంట్లో పడినా అలాగే నీళ్లతో బాగా కడిగి వైద్యుడి దగ్గరికి వెళ్లండి.

మార్పించేటప్పుడు దగ్గరుండండి. పాత ఫ్లూయిడ్‌ను రిజర్వాయర్ నుంచి పీల్చి తీసి, కొత్తది నింపి, కారు పుస్తకంలో చెప్పిన వరుసలో ఒక్కో చక్రం దగ్గర నిపిల్ (ఫ్లూయిడ్ బయటికి వచ్చే చిన్న స్క్రూ) వదులు చేసి, పారదర్శకమైన గొట్టంలో తేరిన కొత్త ఫ్లూయిడ్ వచ్చేవరకు బ్లీడ్ చేయాలి. ఏటీఈ సంస్థ ఒకప్పుడు ఒకే ఫ్లూయిడ్‌ను నీలం రంగులోనూ, బంగారు రంగులోనూ అమ్మేది. ఒకసారి ఒకటి, మరోసారి మరొకటి పోస్తే రంగు మారడాన్ని బట్టి పాతది పూర్తిగా పోయిందని తేలిగ్గా తెలిసేది. అమెరికా ప్రమాణం ఈ జాతి ఫ్లూయిడ్లు రంగులేనివిగానో, బంగారు రంగులోనో ఉండాలని నిర్దేశించడంతో అక్కడ నీలం రంగుది ఆగిపోయింది. ఇప్పుడు మనకు ఆ సౌకర్యం లేదు కాబట్టి తీసిన ఫ్లూయిడ్ పరిమాణాన్నే చూసుకోవాలి. పాత కార్లలో పెడల్‌ను పూర్తిగా అడుగుదాకా తొక్కుతూ గాలి తీస్తే, మాస్టర్ సిలిండర్ సీళ్లు ఎప్పుడూ తిరగని గరుకు భాగం మీదికి వెళ్లి దెబ్బతినవచ్చు. పెడల్ కింద ఒక చెక్క ముక్క పెట్టించండి. మీ కారులో క్లచ్ కూడా అదే రిజర్వాయర్ మీద ఆధారపడే రకమైతే దాని గొట్టాన్నీ బ్లీడ్ చేయించాలి. ఏబీఎస్ యూనిట్‌లో చిక్కుకున్న పాత ఫ్లూయిడ్ బయటికి రావడానికి కొన్ని కార్లకు స్కానర్ అవసరమవుతుంది. అది కూడా చేయించండి. వీటితో పాటు ముందు ప్యాడ్లు సగానికి పైగా మందం ఉన్నాయో లేదో చూడండి. అరిగిన ప్యాడ్ వేడిని ఆపలేదు, నేరుగా పిస్టన్‌కు పంపుతుంది.

ట్రాక్ మీద కొన్ని అలవాట్లు ఫ్లూయిడ్ ఆయువును కాపాడతాయి. ప్రతి సెషన్ చివర ఒక ల్యాపు బ్రేకులు దాదాపు వాడకుండా, గాలి తగిలేలా నడిపి లోపలికి రండి. పిట్‌లో ఆగాక హ్యాండ్‌బ్రేకు వేయకండి, పెడల్ మీద కాలు పెట్టి ఉంచకండి. గేరులో వదిలి, చక్రాల కింద అడ్డు పెట్టండి. నడుస్తున్నప్పుడు తగిలే గాలి ఆగిపోగానే డిస్కులోని వేడంతా కాలిపర్‌లోకి దిగుతుంది కాబట్టి, ట్రాక్ మీద మరగని ఫ్లూయిడ్ పిట్‌లో నిలిపాక మరగడం జరుగుతుంది. తిరిగి బయలుదేరే ముందు పెడల్‌ను నెమ్మదిగా నాలుగైదుసార్లు తొక్కి, ఎత్తూ గట్టిదనమూ మారలేదని నిర్ధారించుకోండి. పొడవైన స్ట్రెయిట్ మీద బ్రేకింగ్ గుర్తుకు కొంచెం ముందుగానే పెడల్‌ను తేలిగ్గా తాకి చూసుకోవడం కూడా మంచి అలవాటు. ఏమాత్రం మెత్తగా తగిలినా ఆ సెషన్‌ను అక్కడితో ముగించండి.

ట్రాక్ నుంచి వచ్చిన వారంలోపు నాలుగు కాలిపర్ల దగ్గరా కొద్దిగా ఫ్లూయిడ్ తీయించి బ్లీడ్ చేయించండి. బాగా కాగినది అక్కడే ఉంటుంది. పూర్తి మార్పిడి ఏడాదికొకసారి, లేదా చివరి మార్పిడి తర్వాత ఆరు నెలలు దాటాక ట్రాక్ డే వస్తే దానికి ముందు చేయించడం మీ వాడకానికి సరిపోతుందని నా అంచనా. అలమరలోని సగం సీసాను, కారులోంచి తీసిన పాత ఫ్లూయిడ్‌ను కాలువలోనో మట్టిలోనో పోయకండి, పాత ఇంజిన్ ఆయిల్ డబ్బాలో కలపకండి. రెండింటినీ మూతలు బిగించి, పైన పేరు రాసి, ఫ్లూయిడ్ మార్పించే సర్వీస్ సెంటర్‌లోనే ప్రమాదకర వ్యర్థాలు సేకరించే చోట అప్పగించి రండి.